పసుపుపచ్చ సంచి

కరోనా సోకినవాళ్ళు చివరి గంటలో వేసే ఓట్లను వేరే పెట్టెలో వేయిస్తారని, పొద్దుగూకాక ఆ పెట్టెను ఊరి వెలుపలికి పట్టుకుపోయి కాల్చేస్తారని చోడవరంలో అందరికీ తెలుసు. టీ కొట్టు బల్ల మీద తెలుసు, చెరకు లోడుతో ఫ్యాక్టరీ గేటు ముందు ఆగిన ట్రాక్టర్ల వరుసలో తెలుసు, మాడుగుల బస్సులో సీటు దొరికినవాళ్ళకూ దొరకనివాళ్ళకూ సమానంగా తెలుసు. చూసినదెవరని అడిగితే మాత్రం, చూసినవాడు ఎప్పుడూ పక్క వీధిలో ఉంటాడు. పక్క వీధికి వెళితే, అతను పొద్దున్నే దేవరాపల్లి వెళ్ళాడంటారు. పంచాయతీ ఎన్నికల పోలింగు నాటి మధ్యాహ్నం, హైస్కూలు సైకిళ్ళ షెడ్డు కింద దూరదూరంగా వేసిన కుర్చీల్లో మొదటిదానిలో, తల నుంచి పాదాల దాకా తెల్లటి రక్షణ దుస్తుల్లో కూర్చున్న లక్ష్మీసుందరికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఎందుకంటే, అది అబద్ధమని వీధి వీధికీ ఫోన్లు చేసి చెప్పినది ఆవిడే.

ఊపిరి విడిచినప్పుడల్లా కళ్ళద్దాల మీద మంచు కమ్ముతోంది, పీల్చినప్పుడు తొలగుతోంది. కమ్మినప్పుడు పోలింగు గది తలుపు మాయమవుతోంది, తొలగినప్పుడు మళ్ళీ అక్కడే ఉంటోంది. తడిగాలి తనకంటే చల్లగా ఉన్న గాజును తాకితే నీటి బిందువులవుతుంది, అంతకు మించి ఇందులో ఏమీ లేదు, అని ఉద్యోగమున్నన్నాళ్ళూ తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పిన వాక్యాన్నే ఇప్పుడు తనకు చెప్పుకుంది. ఇదే బడి. ఆ తలుపు వెనక ఉన్నది ఒకప్పుడు ఆవిడ సైన్సు పాఠం చెప్పిన గదే. కాని గుండె బుద్ధిమంతుడైన విద్యార్థి కాదు. చెప్పిన పాఠం వినకుండా దడదడలాడుతూనే ఉంది. జ్వరం నిన్నటితో దిగింది, నీరసం మాత్రం మోకాళ్ళలో కాపురం పెట్టింది. చివరి గంట మొదలైందట. లైన్లో మామూలు ఓటర్లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారని, వాళ్ళు తేలిపోయాక పిలుస్తానని ఆశా కార్యకర్త రోజా చెప్పి వెళ్ళింది. చెప్పిందా? చెప్పింది. ఈ టోపీ చెవుల మీదికి దిగాక ఎవరు మాట్లాడినా నూతిలోంచి మాట్లాడినట్టే ఉంటోంది. చేతి తొడుగుల లోపల వేళ్ళు నానిపోయి, తనవి కానట్టు, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉన్నాయి. ఈ వేళ్ళతో కాగితం మడవాలి. ముద్ర సిరా ఆరకముందే మడిస్తే పక్క గుర్తు మీద కూడా అచ్చు పడుతుంది, అప్పుడు ఆ ఓటు కాల్చనక్కరలేకుండానే బూడిదవుతుంది. ఆరనివ్వాలి. మెల్లగా పదిదాకా లెక్కపెట్టి, నిలువునా మడవాలి, తర్వాత అడ్డంగా మడవాలి.

గాలి వీచింది. గోడ పక్కన కానుగ ఆకులు కదలడం కనిపించింది గాని, గాలితో పాటు రావలసినది రాలేదు. ఫిబ్రవరి నెల, చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు జోరు మీద ఉంది. ఈ రోజుల్లో చోడవరంలో ఏ మూల నిలబడినా చెరకు మడ్డి, మొలాసిస్ వాసన వచ్చి మనిషిని చుట్టుకుంటుంది. ఉతికిన బట్టల్లో ఉంటుంది, పెరుగన్నంలో ఉంటుంది, పెళ్ళి పందిట్లో పన్నీరును దాటుకుని వస్తుంది. ఊరివాళ్ళు దాన్ని వాసన అనుకోరు, గాలి అంటే అలాగే ఉంటుందనుకుంటారు. జబ్బు బయటపడిన రోజు డాబా మీద చీర ఆరేస్తూ, "ఏమండీ, ఫ్యాక్టరీ ఆగిపోయిందా?" అని ఆమె భర్తను అడిగింది. అనంతరామయ్య పేపరు దించి, "పొగ గొట్టం వైపు చూడు, తెల్లగా పోతోంది కదా" అన్నాడు. పొగ పోతోంది. వాసన లేదు. చీర కొస చేతిలో అలాగే ఉండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా తెరిచింది, కర్పూరం బిళ్ళ నలిపింది, వెల్లుల్లి రెబ్బ గోటితో చీల్చింది. మూడింటికీ ముక్కు మౌనమే. చివరికి ఫ్రిజ్‌లో ఉన్న మాడుగుల హల్వా ముక్క నోట్లో వేసుకుంది. తీపి తెలిసింది, నెయ్యి తెలియలేదు. తీపి నాలుకది, నెయ్యి ముక్కుది. పరీక్ష చేసి చెప్పేవాళ్ళు మర్నాడు చెప్పారు గాని, ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, లోపలి నుంచి భర్తకు చెప్పింది. ఆయన పేపరు మడిచిన చప్పుడు వినబడింది. తర్వాత, "ఆ హల్వా మిగిలింది నేను తినొచ్చా, తినకూడదా?" అన్నాడు. ఆయన భయపడినప్పుడు అలాగే మాట్లాడతాడు.

జబ్బు ఒక పెళ్ళి భోజనం నుంచి వచ్చింది. వడ్డన దగ్గర ఎవరికీ మాస్కు లేదు, తనకూ లేదు, పులిహోర నోట్లో పెట్టుకుంటూ మాస్కు ఎక్కడ పెట్టుకుంటాం. ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళలో వీధిలో మరి ఇద్దరికి వచ్చింది. ఆటో నడిపే పరదేశికి, రథం వీధి మూల ఇంటి అచ్చియ్యమ్మకు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఆమె వెనక కుర్చీల్లో, ఆమె లాగే తెల్లటి దుస్తుల్లో ఉన్నారు. ముగ్గురూ ఒకేలా ఉన్నారు. పొట్టిగా ఉన్నది అచ్చియ్యమ్మ, మోకాలు ఊపుతున్నది పరదేశి. బడిలో కూడా ఆ మోకాలు అలాగే ఊగేది.

"టీచరమ్మా," అన్నాడు పరదేశి వెనక నుంచి. "అటు సూడండి. పెట్టె వొచ్చీసింది."

కళ్ళద్దాల మంచు తొలగేదాకా ఆగవలసి వచ్చింది. తొలగింది. ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు మూతలేని ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాను చెరో వైపు పట్టుకుని వరండా ఎక్కుతున్నారు. డబ్బా లోపల సంచి తొడిగి ఉంది, అంచులు బయటికి మడిచి ఉన్నాయి. పసుపుపచ్చ సంచి. వాళ్ళు దాన్ని పోలింగు గది లోపలికి తీసుకువెళ్ళి, వట్టి చేతులతో బయటికి వచ్చారు.

పసుపుపచ్చ. పరదేశికి అది ఒక పెట్టె మాత్రమే. లక్ష్మీసుందరికి ఆ రంగు అర్థం తెలుసు, తెలియడమే ఇప్పుడు కష్టమైంది. ఆసుపత్రుల్లో ఎర్ర సంచిలో పడినది ఒక దారిన పోతుంది, నీలి సంచిలోది ఒక దారిన పోతుంది, పసుపుపచ్చ సంచిలో పడినది మాత్రం కొలిమిలోకి పోతుంది. ఇది పుకారు కాదు, నియమం. రోగి తాకినదీ, రోగి ఒంటి నుంచి వచ్చినదీ పసుపుపచ్చ సంచిలో వేసి మూతికట్టి కాల్చేయాలి. తాను ఇప్పుడు తాకబోయేది ఏమిటి? కాగితం. తను తాకిన కాగితం. ఎవరో ఒక అధికారి, చదువుకున్నవాడే, జాగ్రత్తపరుడే, ఉత్తర్వులో లేనిదాన్ని కూడా ఆలోచించి, రోగులు తాకిన కాగితాలను మిగతావాళ్ళు లెక్కపెట్టడం ప్రమాదం కదా అనుకుని ఉంటే? చెడ్డవాడు కానక్కరలేదు, భయస్థుడైతే చాలు. కాగితం మీద వైరస్ ఎక్కువసేపు నిలవదని, గాలిలోంచే ముఖ్యంగా వస్తుందని అతను చదివి ఉంటాడా? తాను మాత్రం గత వేసవిలో పాల ప్యాకెట్లు సబ్బు నీళ్ళలో కడగలేదా? కడిగింది. కూరగాయలను ఎండలో పెట్టింది. అప్పుడు తెలియదు, తెలియనప్పుడు అదే సరైన పని అనిపించింది. అతనికీ ఇప్పుడు అలాగే అనిపిస్తే?

"నిప్పు నేకుండా పొగ ఎలాగొస్తాదండీ?" అని పెదబాబు నిన్న సాయంత్రం గేటు అవతల నిలబడి అడిగాడు. పెదబాబు సన్యాసమ్మ భర్త. సన్యాసమ్మ ఈ వార్డుకు మెంబరుగా నిలబడింది, గుర్తు కుండ. ఇద్దరూ ఓటరు చీటీలు పంచి వచ్చారు. కిటికీ దగ్గర లక్ష్మీసుందరి, గేటు దగ్గర వాళ్ళు, మధ్యలో ముళ్ళగోరింట మొక్కలు. నిప్పు లేకుండా పొగ వస్తుందని చూపించడానికి ఆమె బతుకంతా ఖర్చు చేసింది. ఒక గాజు కడ్డీని ఒక ద్రావకంలో ముంచి, మరొక కడ్డీని మరొక ద్రావకంలో ముంచి, రెండింటినీ దగ్గరికి తెస్తే మధ్యలో దట్టంగా తెల్లటి పొగ లేస్తుంది, అగ్గిపుల్ల గీయనక్కరలేదు. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆ తలుపు వెనక గదిలోనే. సెలవుల్లో పల్లెలకు వెళ్ళి ఆ పొగ చూపించేది, నిమ్మకాయ కోస్తే రక్తం కారడం ఎలాగో చూపించేది, చివర్లో ఒకే మాట చెప్పేది: చూడకుండా నమ్మకండి, నేను చెప్పినా సరే. పోయిన ఏడాది కొడుకులున్న తల్లులంతా వేపచెట్టుకు బిందెడు నీళ్ళు పోయాలన్న పుకారు వచ్చి ఆడవాళ్ళు బిందెలతో బయలుదేరినప్పుడు కూడా ఆవిడ అదే చెప్పింది. కొందరు విన్నారు. వినని వాళ్ళ వల్ల వేపచెట్టుకు మేలే జరిగింది.

"సూడండి మేడం," అన్నాడు పెదబాబు, గొంతు తగ్గించి. "మీకు జొరం నేదు గదా ఇప్పుడు. ఉన్నా ఒక డోలో బిళ్ళేసుకుంటే ఆ జొరం సూసే తుపాకీలో ఏటీ సూపించదు. పొద్దున్నే అందర్తోటీ నిల్సోని ఏసీండి. పరదేశిగాడికీ, అచ్చియ్యమ్మత్తకీ నాను సెప్తాను. ఆకరి గంటకని కూకుంటే మన మూడు ఓట్లూ బుగ్గే. నరికిన సెరుకు గేటుకాడ ఆపీసినట్టుంటాది. ఎంత సేపాగితే అంత బరువు తగ్గిపోద్ది."

"నా పక్కన నిలబడేవాళ్ళ సంగతో?" అంది ఆమె.

"ఆల్లు మాస్కులెట్టుకుంటారు గదండీ."

"ఎట్టుకుంటారా, పెదబాబూ?"

అతను ఆ మాటను చేత్తో తోసేశాడు. అడిగినదానికి విలువ లేదనుకున్నాడు. మెంబర్లుగా నిలబడినవాళ్ళు ముగ్గురు, వార్డులో ఉన్నవి కొన్ని వందల ఓట్లు, తేడా పడితే వేళ్ళ మీదే పడుతుంది. ఆ లెక్క ఆమెకూ తెలుసు. సన్యాసమ్మ మాత్రం గేటు చువ్వ పట్టుకుని, తడిసిన మొక్కల వైపు చూస్తూ నిలబడింది. పెదబాబు మళ్ళీ ఏదో అనబోతే, "ఊరుకోవయ్యా. మేడం సెప్పినాక మరేటి. ఆకరి గంటకే ఏస్తారు" అంది. అని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నమ్మి అందా? ఇక అడిగి లాభం లేదని అందా? రాత్రి లక్ష్మీసుందరి ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది, నాణేన్ని తిప్పినట్టు, రెండు వైపులా ఒకే బొమ్మ ఉన్నట్టు అనిపించింది.

సన్యాసమ్మను నిలబడమన్నది కూడా లక్ష్మీసుందరే. అదీ ఒక పైపు వల్ల. వీధి కుళాయికి వచ్చే పైపు మురుగుకాలువ లోపలి నుంచి వస్తుంది. నీళ్ళు వదిలిన గంటలో ఫరవాలేదు. ఆపాక పైపు లోపల ఒత్తిడి తగ్గుతుంది, అతుకు ఊడిన చోట కాలువ నీరే లోపలికి పీల్చుకుంటుంది. సన్యాసమ్మ కూతురు చిన్నారికి కామెర్లు వచ్చినప్పుడు కళ్ళు పచ్చబడి, గోళ్ళు పచ్చబడి, పసరు పోయించడానికి తీసుకుపోతుంటే దారిలో ఆపి ఆసుపత్రికి పంపించినది, తర్వాత సన్యాసమ్మను కాలువ దగ్గర కూర్చోబెట్టి సిరా చుక్క వేసి ఆ పీల్పు చూపించినది ఈవిడే. సన్యాసమ్మ చాలాసేపు చూసింది. "అయితే మా గుంటకి ఎవలి దిస్టీ తగల్లేదన్నమాట" అంది. "ఇది తవ్వించి పైకెత్తించడానికి ఎవలి కాడికెల్లాలి?" పాలకవర్గం గడువు తీరిపోయి చాలా కాలమైంది, ఎన్నికలు లేవు, వార్డు తరఫున వెళ్ళి అడిగేవాళ్ళు లేరు. ఎన్నికలు వచ్చినప్పుడు, "నువ్వే వెళ్ళు" అంది లక్ష్మీసుందరి. ఆ పైపు ఇప్పటికీ కాలువలోనే ఉంది. వేసవి వస్తోంది. వేసవిలో నీళ్ళు రోజు విడిచి రోజు వదులుతారు, అంటే పీల్పు రెట్టింపు. ఈ మూడు ఓట్లు పసుపుపచ్చ సంచిలో పడితే, ఆ తేడాతోనే సన్యాసమ్మ ఓడిపోతే, మళ్ళీ అయిదేళ్ళు ఆ పైపు...

వద్దు. ఇలా ఆలోచించకూడదు. ఆధారం లేకుండా ముందుకు పోకూడదు. ఆధారం ఏముంది? ఎన్నికల సంఘం ఉత్తర్వు చదివింది: చివరి గంటలో, రక్షణ దుస్తులతో, ఓటు వేయవచ్చు. వేరే పెట్టె అని అందులో లేదు. కాని ఒకే పెట్టె అని కూడా లేదు. ఉదయం అనంతరామయ్య వెళ్ళి ఓటు వేసి వచ్చాడు. తలుపు అవతల నిలబడి సమస్తం వర్ణించాడు. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని మైదానంలో సున్నంతో వలయాలు గీశారట. వచ్చినవాళ్ళు తమ చెప్పులు విడిచి వలయంలో పెట్టి, చెప్పుల్నే లైన్లో నిలబెట్టి, తాము వెళ్ళి కానుగ నీడన ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ కబుర్లలో పడ్డారట. "చెప్పులు మాత్రం చక్కగా దూరం పాటించేయి సుందరీ. ఒక్క చెప్పుకీ దగ్గు లేదు." తాను డోలో వేసుకుని ఆ నీడలో నిలబడి ఉంటే? పరదేశి అక్కడ మోకాలు ఊపుతూ జోకులు వేస్తూ ఉంటే? చివరి గంటకు ఆగడం మాత్రం తప్పు కాదు. ఏమైనా కానీ, అది తప్పు కాదు. "పెట్టెలెన్ని ఉన్నాయి?" అని పొద్దున్న భర్తను అడిగింది. "నేను వేసినప్పుడు ఒకటే ఉంది. రెండోది ఆఖరి గంటకి వస్తుందంటున్నారు మరి" అన్నాడాయన. ఆయన వేళాకోళమాడుతున్నాడో, నిజంగానే అంటున్నాడో ముఖం చూస్తే తెలిసేది. మధ్యలో తలుపు ఉంది.

రెండోది వచ్చింది. తన కళ్ళతో చూసింది.

అంటే ఇన్నాళ్ళూ తాను చేసినదేమిటి? పరదేశికి ఫోన్ చేసి, "ఒరే, అదంతా అబద్ధంరా, పొద్దున్న వెళ్ళకు, నేను చెబుతున్నా కదా" అంది. నేను చెబుతున్నా కదా. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. చూసినవాడు పక్క వీధిలో ఉన్నాడని ఎవరైనా అంటే నవ్వే తాను, పరదేశికీ అచ్చియ్యమ్మకూ చూడకుండా నమ్మమని చెప్పింది. గది లోపల ఏముందో తాను చూసిందా? లేదు. వాళ్ళ పుకారుకూ తన హామీకీ మధ్య తేడా ఏమిటి? అటు భయం ఉంది, ఇటు చదువు ఉంది. రెండు చోట్లా చూపు లేదు. తన మాట నిజమైతే అది అదృష్టమే తప్ప జ్ఞానం కాదు. మంచు కమ్మింది. తలుపు మాయమైంది.

"ఏటమ్మా, ఇంకా పిలవరా?" అంది అచ్చియ్యమ్మ. "ఈ గోనిసంచీలో ఉడికిపోతన్నాను. పొద్దున్నే ఏసీసినోల్లకి పెదబాబు ఉప్మా పొట్లాలు పంచేడట. ఆకరి గంటోల్లకి అదీ నేదు."

"ఉప్మా కాదే అత్తా," అన్నాడు పరదేశి. "మనకి మంటెడతారు. సలికాసుకోడానికి."

"నువ్వు నోరు ముయ్యరా గుంటడా. టీచరమ్మ నేదన్నాది గదా."

"టీచరమ్మ నేదన్నాది. పెట్టె ఉన్నానన్నాది."

లక్ష్మీసుందరి వెనక్కి తిరగాలనుకుంది. తిరిగి, నాకు తెలియదురా పరదేశీ, అనాలనుకుంది. చెబితే వాళ్ళు లేచి ఇంటికి వెళ్ళిపోతారా? ఓటు వేయకుండా పోతే అది కచ్చితంగా పోయినట్టే. కాల్చేస్తారన్న భయంతో కాల్చకముందే పారేసుకున్నట్టు. చెప్పకపోతే? చెప్పకపోతే తాను మళ్ళీ అదే పని చేసినట్టు. ఎండ షెడ్డు అంచు దాటి ఆమె పాదాల దాకా వచ్చింది. బడి గేటు అవతల, పోలీసులు గీసిన సున్నపు గీత బయట, పెదబాబు తెల్ల చొక్కా కనిపిస్తోంది. పక్కన ఆకుపచ్చ చీర సన్యాసమ్మది. అభ్యర్థి లోపలికి రావచ్చు, అయినా ఆమె రావడం లేదు. ఇటే చూస్తోంది. చెయ్యి ఊపడం లేదు.

"పరదేశీ," అంది ఆమె, తిరగకుండానే. "లోపల ఏముందో నేను చూడలేదురా. ఉత్తర్వు చదివి చెప్పాను. ముందు నేను వెళతాను. చూస్తాను. ఏది చూస్తే అది బయటికి వచ్చి చెబుతాను. అందాకా కూర్చో."

వెనక మోకాలు ఊగే చప్పుడు ఆగింది.

"మరి మీ ఓటు పోతేనో?" అన్నాడు.

"పోతే నాదొక్కటే పోతుంది."

"ఓలమ్మా, ఈవిడికి బళ్ళో ఉద్యోగం అయిపోనేదు గావాల," అంది అచ్చియ్యమ్మ, ఎవరితోనూ కాకుండా.

రోజా వరండా మెట్ల మీద నుంచి చెయ్యి ఊపింది. లక్ష్మీసుందరి లేచింది. బూట్ల మీది ప్లాస్టిక్ తొడుగులు నేల మీద చప్పుడు చేస్తున్నాయి. ఈ వరండాలో తన చెప్పుల చప్పుడు వినగానే గదులు నిశ్శబ్దమయ్యేవి. తలుపు. గడప. లోపల చల్లగా ఉంది. కళ్ళద్దాల మంచు ఇంకా చిక్కబడింది. తెల్లటి గుడ్డిదనంలో మనుషులు నీడల్లా ఉన్నారు, వాళ్ళూ రక్షణ దుస్తుల్లోకి మారారు. ఎవరో కళ్ళద్దాలూ మాస్కూ ఒక్క క్షణం ఎత్తమన్నారు, దూరం నుంచే ముఖం చూశారు, పేరు చదివారు. ఎడమ చేతి తొడుగు తీయమన్నారు. తీసింది. నానిన వేళ్ళకు గాలి తగిలింది. తొడుగు చేతిలో వేలాడుతుంటే ఒక మనిషి కాలితో డబ్బాను ఆమె వైపు జరిపాడు. పసుపుపచ్చ సంచి తలుపు పక్కనే ఉంది. అందులో పడేసింది. అడుగున అప్పటికే కొన్ని ఉన్నాయి, ముడతలు పడిన నీలిరంగు తొడుగులు. ఎవరివో, సిబ్బంది మార్చుకున్నవి కాబోలు. కాగితాలు కనబడలేదు. ఇంకా వేయలేదు కాబట్టి కనబడలేదా? చూపుడువేలి గోరు మీదుగా సిరా పుల్ల చల్లగా గీసుకుంటూ పోయింది.

రెండు కాగితాలు, ఒకటి గులాబీ రంగు, ఒకటి తెలుపు. అట్టల చాటు. గులాబీది సర్పంచికి, దాన్ని గురించి ఎప్పుడో నిశ్చయించుకుంది, ముద్ర వేసింది. తెల్లదాని మీద కుండ రెండో వరుసలో ఉంది. ముద్రను సిరా మెత్త మీద ఒత్తింది. మరీ ఒత్తకూడదు. కుండ పక్కన ముద్ర స్పష్టంగా పడింది. ఇక ఆరాలి. ఒకటి, రెండు, అని మొదలుపెట్టి మధ్యలో లెక్క తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. అట్టకు అవతల ఎవరో ఆవులించారు. నిలువునా మడిచింది. అడ్డంగా మడిచింది. చాటు నుంచి బయటికి వచ్చే ఆ నాలుగు అడుగుల్లో, ఇప్పుడు ఎవరో చెయ్యి చాపి డబ్బా వైపు చూపిస్తారని, చూపిస్తే ఏమనాలో, ఏ నియమం ప్రకారమో చెప్పండి అనాలని, కాగితం ఇవ్వకూడదని, నీరసం వచ్చి పడిపోకూడదని, అన్నీ ఒకేసారి తలలో తిరిగాయి.

ఎవరూ చెయ్యి చాపలేదు. ఊపిరి బిగబట్టింది. బిగబట్టగానే మంచు తొలగింది.

కిటికీ కింద బల్ల మీద ఇనుప పెట్టె ఉంది. పాతది, మూలల దగ్గర పెయింటు లేచిపోయింది. తెల్లారి కట్టిన సీలు దారం, లక్క అలాగే ఉన్నాయి. గది నాలుగు మూలలూ చూసింది. బల్లల కింద చూసింది. తన పాత నల్లబల్ల కింద కూడా చూసింది.

"ఏటమ్మా, ఏం వెతుకుతన్నారు?" అన్నాడు పెట్టె పక్కన కూర్చున్నాయన.

"మాకు ఇంకో పెట్టె ఉందా బాబూ?"

ఆయన ఆమె వైపు అలసటగా చూశాడు. తెల్లవారుజాము నుంచి ఆ కుర్చీలోనే ఉన్నట్టున్నాడు. "ఈ ఒక్కదాన్నీ మొయ్యలేకే నడుం పడిపోయిందండి. ఇంకోటెక్కడిది? ఏసీండి, ఏసీండి."

ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఉదయం నుంచి పడిన కాగితాలతో లోపల కిక్కిరిసి, చీలిక నోటి దాకా వచ్చేశాయి. గులాబీ కాగితం సగం దాకా వెళ్ళి ఆగింది, తెల్లది దాని మీద ఆగింది. ఆయన చేతిలో పిల్లలు గీతలు గీసుకునే చెక్క స్కేలు ఒకటి ఉంది. దాన్ని చీలికలో దూర్చి రెండు కాగితాలనూ లోపలికి నొక్కాడు. అవి వెళ్ళి అనంతరామయ్య ఓటు మీదో, చెప్పులను లైన్లో పెట్టి కబుర్లాడినవాళ్ళ ఓట్ల మధ్యో పడ్డాయి. ఏది ఎక్కడ పడిందో ఇక ఎవరూ చెప్పలేరు.

వరండాలోకి వచ్చి షెడ్డు వైపు తల ఊపింది. పరదేశి లేచాడు, అచ్చియ్యమ్మకు దారి ఇచ్చాడు. వాళ్ళు లోపలికి వెళ్ళి, వాళ్ళ కాగితాలనూ ఆ స్కేలే నొక్కేదాకా ఆమె తలుపు పక్కనే నిలబడింది. రోజా డబ్బాను గడప దగ్గరికి జరిపి, ఇక ఇవి విప్పేయవచ్చంది. టోపీ విప్పింది, దుస్తులు విప్పింది, రెండో తొడుగు విప్పింది, ఒక్కొక్కటీ పసుపుపచ్చ సంచిలోకి వెళ్ళింది. కొత్త మాస్కు పెట్టుకుంది. చెమట మీద గాలి తగిలింది. వాసన లేదు, అయినా గాలి.

"మేడం," అని పెదబాబు సున్నపు గీత అవతల నుంచి కేకేశాడు. "ఏ పెట్టెలో ఏయించేరండీ?"

అంత దూరం వినిపించే గొంతు ఆమెకు మిగల్లేదు. ఎడమ చెయ్యి పైకెత్తి, సిరా ఇంకా ఆరని చూపుడువేలు ఒక్కటే చూపించింది. సన్యాసమ్మ ఆ వేలును చూసింది. చీర చెంగుతో ముఖం తుడుచుకుని, గీత దాటి లోపలికి రాబోయి, దూరం గుర్తుకు వచ్చి ఆగింది.

వేరే డబ్బా వచ్చిన మాట నిజం. దాన్ని పట్టుకుపోయి కాల్చేసే మాటా నిజం. అందులో ఉన్నవి చేతి తొడుగులు, టోపీలు, విప్పేసిన దుస్తులు. ఓట్లు పడినది ఉదయం నుంచి ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క పెట్టెలో.